రెండు నల్ల సైకిళ్ళ పంచాయితీ

కొందరికి ఓ వయసు వచ్చాక షుగర్ వస్తుంది, కొందరికి భక్తి వస్తుంది. మా ఆయనకు షుగరూ వచ్చింది, దాంతోపాటు పాత సైకిళ్ళ పిచ్చీ వచ్చింది. షుగర్‌కు మాత్రలున్నాయి. ఖమ్మంలో మేముండే ఇంటి బాల్కనీలో బట్టలారేసే తీగ కింద, చక్రాలూ సీట్లూ లేని ఉక్కు ఫ్రేములు వరసగా నిలబడి ఉంటాయి. ఓసారి మా చుట్టాలావిడ వచ్చి వాటిని చూసి, "ఏందమ్మా, గ్రిల్లు పెట్టిస్తున్నరా?" అని అడిగింది. అవునన్నాను. నిజం చెబితే ఇంకో అరగంట కూర్చునేది.

నేను లెక్కల టీచర్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్కూల్లో గోడలకు కూడా తెలుసు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇందులో నేను చాలాచోట్ల అరుస్తాను.

ఉక్కు ఫ్రేము వయసూ నాణ్యతా కనిపెట్టడానికి మా ఆయనకో పద్ధతి ఉంది. ముందు సైకిల్‌ను బోర్లా తిప్పుతాడు. పెడళ్ళ ఇరుసు తిరిగే చోట అడుగున పేరుకున్న మట్టీ గ్రీజూ గోకి, అక్కడ గుద్దిన నంబరు ఉందేమో చూస్తాడు. తర్వాత గొట్టాలు ఒకదానితో ఒకటి కలిసే చోట ఉండే ఉక్కు తొడుగులను వేలితో తడుముతాడు. తొడుగు అంచు పలచగా, నున్నగా దిగితే ఎవరో ఓపికగా ఆకురాయి పట్టిన పనితనం. మొద్దుగా ఉంటే తర్వాతి రోజుల్లో హడావిడిగా తయారైన సరుకు. ఆపైన టీ చెంచాతో గొట్టం మీద కొట్టి, చెవి ఆనించి వింటాడు. పల్చటి మంచి ఉక్కయితే గంటలా మోగుతుందట, మందపాటి మామూలు ఉక్కయితే టక్కుమని ఊరుకుంటుందట. నాకు రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఆ తర్వాత సీటు రాడ్డు పైకి లాగి, వెర్నియర్‌తో దాని లావు కొలుస్తాడు. బయటి గొట్టం లావు ఒకటే అయినప్పుడు, అందులోకి దూరే రాడ్డు ఎంత లావుంటే గొట్టం గోడ అంత పల్చన అన్నమాట. ఈ ఒక్క ముక్క నాకు నచ్చింది, లెక్క కుదిరింది కాబట్టి. ఆఖరి పరీక్ష, ఆ గొట్టంలోకి వేలు పెట్టి లోపలి గోడ తడమడం. లోపల నిలువునా ఓ అతుకు గీత తగిలితే అది రేకును చుట్టి అతికించిన గొట్టం. ఏమీ తగలకపోతే అతుకు లేకుండా లాగిన గొట్టం, అంటే మేలురకం.

నన్ను చూసుకోవడానికి వచ్చిన రోజున ఈయన ఇందులో పదోవంతు శ్రద్ధ కూడా పెట్టలేదు. తల దించుకుని ఉప్మా తిని, ఇష్టమేనని చెప్పి వెళ్ళిపోయాడు.

ముదిగొండలో ఓ పెళ్ళికి వెళ్ళినప్పుడు భోజనాల వేళకు మనిషి కనపడలేదు. వెతికితే షామియానా వెనకాల ఉన్నాడు. ఎవరో పాలాయన సైకిల్ నుంచి క్యాన్లు దించి పక్కన పెట్టి, సైకిల్‌ను బోర్లా తిప్పి, పెళ్ళికి వేసుకొచ్చిన పట్టు పంచె కొసతో గ్రీజు తుడుస్తున్నాడు. ఆ పాలాయన చేయి కడుక్కుంటూ వచ్చి, "ఏంది సార్, పంచరైందా?" అన్నాడు.

"లేదు, వయసు చూస్తున్నా."

"నాదా, సైకిల్‌దా?"

ఆ పంచె మరక ఇప్పటికీ పోలేదు. ఇలాంటి మనిషి చేతిలో మా మేనకోడలి పెళ్ళి పడింది. అదెలా పడిందో చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

మా పుట్టిల్లు దుమ్ముగూడెం దగ్గర, గోదావరికి బాగా దగ్గరగా. మా నాన్న వ్యవసాయదారు, ఇప్పుడు ఎనభై దాటాడు. ఆయనకు పక్క ఊళ్ళో ఓ స్నేహితుడుండేవాడు. చిన్నప్పుడు మేము ఆయన్ని మామా అని పిలిచేవాళ్ళం. ఇద్దరూ ఏది కొన్నా జతగా కొనేవారు. ఒకే తానులో చొక్కాలు, ఒకే రకం చెప్పులు, ఒకే సంతలో ఎద్దులు. నా పెళ్ళికి చాలా ముందు, నేనింకా హైస్కూల్లో చేరకముందు, ఇద్దరూ కలిసి ఖమ్మం వెళ్ళి ఒకే దుకాణంలో రెండు పాత నల్ల సైకిళ్ళు కొని, బస్సు టాపు మీద వేసుకుని వచ్చారు.

నేను హైస్కూల్లో ఉండగా ఓ శ్రీరామనవమికి ఇద్దరూ ఆ సైకిళ్ళ మీద భద్రాచలం వెళ్ళారు. కల్యాణం నాడు భద్రాచలంలో ఇసకేస్తే రాలనంత జనం. సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు ఊరి మొదట్లోనే తెలిసినవాళ్ళ దొడ్లో సైకిళ్ళు పెట్టి నడిచిపోయేవారు. ఆ ఇంటావిడ అన్నిటినీ ఒకదానికొకటి ఆనించి, మధ్యలోంచి మోకు దూర్చి కట్టేసేది. ఆ రోజుల్లో సైకిల్ తాళాలకు ఓ గొప్ప గుణం ఉండేది. ఎవరి తాళంచెవి పెట్టినా ఎవరి తాళమైనా వచ్చేది. కల్యాణం అయ్యాక జనంలో ఇద్దరూ తప్పిపోయారు. ఎవరికి వారే ఆ దొడ్లోకొచ్చి, ఆకుపచ్చ సీటు కవరున్న నల్ల సైకిల్ చూసుకుని, తాళం తీసుకుని ఇంటికి పోయారు. ఆకుపచ్చ సీటు కవర్లు కూడా ఇద్దరూ జతగా కుట్టించినవే. సైకిల్‌ను సీటు కవరును బట్టి, బెల్లును బట్టి, చక్రాలకు చుట్టిన పూసలను బట్టి గుర్తుపట్టే జాతి మనది. ఫ్రేము మొహం ఎవరు చూస్తారు?

ఇంటికి రాగానే మా నాన్న స్టాండు వేస్తూనే అన్నాడు, "ఇది నాది కాదు. తొక్కుతుంటే బండరాయి గుంజినట్టుంది." పొద్దున్నుంచి ఎండలో నిలబడి, కడుపు నిండా పులిహోర తిని, పానకం తాగి తొక్కితే ఏ సైకిలైనా అలాగే ఉంటుందని మా అమ్మ అంది. మా నాన్న వినలేదు. తనది దొరల కాలం నాటి సైకిలనీ, అసలు ఇంగ్లీషు ఉక్కనీ, అది తెలిసే పక్కూరాయన తన డొక్కుది వదిలేసి దాన్ని పట్టుకుపోయాడనీ తేల్చాడు. అక్కడ ఆ ఊళ్ళో ఆయన కూడా అదే సాయంత్రం అవే మాటలు అన్నాడని తర్వాత తెలిసింది. ఆయన లెక్కలో దొరల సైకిల్ ఆయనది, డొక్కుది మా నాన్నది, దొంగ మా నాన్న.

అంతే, మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఒకరు పందిరికి ఈ చివర, ఒకరు ఆ చివర. మా అమ్మ పోయినప్పుడు కూడా ఆయన వాకిట్లోకి వచ్చి, కాసేపు నిలబడి, మా నాన్నతో మాట్లాడకుండానే వెళ్ళిపోయాడు. మా నాన్న ఆ సైకిల్‌ను తొక్కడం మానలేదు. దసరాకి పసుపూ కుంకుమా పెట్టడం మానలేదు. తిట్టడమూ మానలేదు.

ఇప్పుడు మా మేనకోడలు. మా అన్నయ్య కూతురు. భద్రాచలంలో ఓ దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. గోదావరి కరకట్ట పక్కన ఓ చిన్న పోర్షన్‌లో కిరాయికి ఉంటుంది. చదువుకునే రోజుల్లో ఖమ్మంలో మా ఇంట్లోనే పెరిగింది కాబట్టి ఏదైనా ముందు నాకే చెబుతుంది. ఓ ఆదివారం ఫోన్ చేసి, "అత్తా, నేనొకతన్ని చేసుకుందామనుకుంటున్న" అంది. అబ్బాయి వ్యవసాయ శాఖలో ఉద్యోగం, కులమూ గోత్రమూ అన్నీ కుదిరాయి, మనిషి నెమ్మదస్తుడు. ఇంకేం, శుభం అన్నాను. అప్పుడు చెప్పింది, ఆ అబ్బాయి ఎవరి మనవడో.

మా నాన్న దొంగ అని తిట్టే ఆ పక్కూరి మామ మనవడు.

పిల్లలిద్దరి తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. కానీ మా వైపు పద్ధతి ప్రకారం మగపెళ్ళివారి పెద్ద ముందుగా వచ్చి పిల్లను అడగాలి. ఆ ఇంటికి పెద్ద ఆ మామే, ఆ పెద్దాయనే. "నా సైకిల్ నాకు అప్పజెప్పినంక వస్త. దొంగ ఇంటికి పోయి పిల్లను అడగమంటరా?" అని కూర్చున్నాడు. ఇక్కడ మా నాన్న, "దొంగ వాడు. వాడు నా సైకిల్ తెచ్చి నా వాకిట్ల పెడితే అప్పుడు ఆలోచిస్త" అని కూర్చున్నాడు. పోనీ పెద్దలను కాదని చేసుకోమందామంటే మా పిల్ల ఒప్పుకోదు. "తాత అక్షింతలు వెయ్యని పెళ్ళి నాకొద్దత్తా. ఇద్దరు తాతలూ రావాలె. లేకుంటే గిట్లనే ఉంట" అంది. చిన్నప్పటినుంచీ అంతే, ఏడవదు, ఒకసారి అంటుంది, ఇక దాని మీదే ఉంటుంది. మా నాన్న పోలిక.

"ఇద్దరికీ చెరొక కొత్త సైకిల్ కొనిస్తే?" అని కూడా అడిగింది పాపం.

"పిచ్చిదానా, సైకిల్‌తో తీరే గొడవైతే ఎప్పుడో తీరేది" అన్నాను.

అప్పుడు మా ఆయన పేపరు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, "నేను చూసి చెప్తా" అన్నాడు. రెండు ఫ్రేములూ పక్కపక్కన పెడితే ఏది దొరల కాలందో, ఏది మామూలుదో తేల్చేస్తాడట. చెబితే నమ్మరు, పెద్దవాళ్ళిద్దరూ ఒప్పుకున్నారు. తన అల్లుడు కాబట్టి మా నాన్న ఒప్పుకున్నాడు. పెద్దాయన ఎందుకు ఒప్పుకున్నాడంటే, ముదిగొండ సంగతి ఆయన దాకా పోయింది. "పెళ్ళిల కూడు ఇడిసిపెట్టి సైకిల్ చూసుకుంట కూసున్నడంటే, ఆ మనిషి మామను సుత లెక్కచెయ్యడు. ఆయన మాటకు నేను కట్టుబడి ఉంట" అన్నాడట.

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా బస్సులో నేను ఈయనకు లెక్క చెబుతూనే ఉన్నాను. "చూడండి, దొరల సైకిల్ మా నాన్న దగ్గర ఉందన్నారనుకోండి, మా నాన్న దొంగ అవుతాడు. ఆయన దగ్గర ఉందన్నారనుకోండి, ఆయన దొంగ అవుతాడు. ఎటు చెప్పినా ఒకరు పెళ్ళికి రారు. కాబట్టి ఏదో ఒక అబద్ధం ఆలోచించండి."

"ఫ్రేము అబద్ధం చెప్పదు" అన్నాడు కిటికీలోంచి అడవి చూస్తూ.

"ఫ్రేమును ఎవరు చెప్పమన్నారు, మిమ్మల్ని చెప్పమంటున్నా" అని అరిచాను. ముందు సీటులో పసిపిల్ల లేచి ఏడ్చింది. కండక్టర్ వెనక్కి తిరిగి చూశాడు.

ఎవరి ఊళ్ళోనూ కాకుండా మా మేనకోడలి పోర్షన్ ముందున్న వాకిట్లో పంచాయితీ పెట్టాం. సైకిళ్ళు రెండూ ఒకే ట్రాలీ ఆటోలో తేవచ్చు కదా, ఒకే దారి కదా? తేలేదు. ఒకదాని పక్కన ఒకటి పెడితే దారిలో మళ్ళీ మారిపోతాయట. రెండు ట్రాలీల్లో వచ్చాయి, ఒక్కో సైకిల్ పక్కన ఒక్కో ముసలాయన, సైకిల్ మీద చేయి వేసుకుని. దిగాక ఇద్దరూ వాకిట్లో చెరో మూల కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఒకరు కరకట్ట వైపు చూశారు, ఒకరు మేకుకు వేలాడుతున్న క్యాలెండర్ వైపు చూశారు.

లోకంలో ఎవరైనా తన వస్తువే మంచిదంటారు. ఇక్కడ మాత్రం తన దగ్గరున్నదే పనికిమాలినదని రుజువు కావాలి.

"అల్లుడా, మంచిగ చూడు, ఈ డొక్కుది మా ఇంట్ల ఇన్నేండ్ల నుంచి పడుంది" అన్నాడు మా నాన్న.

"అమ్మా, మీ ఆయనకు చెప్పు" అన్నాడు పెద్దాయన నాతో, "నా దగ్గరున్నదానికంటే డొక్కుది ఈ భూమ్మీద లేదు."

మా ఆయన రెండు సైకిళ్ళనూ బోర్లా వేసి, కిరసనాయిలు గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. నల్ల రంగు కింద ఇంకో నల్ల రంగు, దాని కింద ఇంకోటి. హ్యాండిల్ మెడ దగ్గర దసరాల పసుపు పొరలు పొరలుగా లేచి వచ్చింది. నంబర్ల చోట ఇద్దరి సైకిళ్ళకూ రంగు ఇంత మందాన నిండిపోయి ఉంది. గోకితే ఒకదానికి సగం అంకెలు బయటపడ్డాయి, ఇంకోదానికి తుప్పు వచ్చింది. తొడుగులు రెండిటికీ ఒకే తీరున మొద్దుగా ఉన్నాయి. చెంచాతో కొట్టాడు. టక్.

"విన్నవా, డొక్కు మోత" అన్నాడు మా నాన్న సంతోషంగా.

రెండోదాన్ని కొట్టాడు. టక్.

"నాది ఇంకా డొక్కుగ మోగింది" అన్నాడు పెద్దాయన.

మా ఆయన సీటు రాడ్లు లాగి కొలిచాడు. రెండూ ఒకటే కొలత. అక్కడ లెక్క నాకు అర్థమైంది, రెండు గొట్టాల గోడలూ ఒకటే మందం. ఆయన తల ఎత్తి, "మామయ్యగారూ, మీది దొరల కాలందని మీకెవరు చెప్పారు?" అని అడిగాడు.

"దుకాణపాయననే చెప్పిండు. చెవిల చెప్పిండు. ఇది ఇంగ్లీషు ఉక్కు, ఇంకోటి మామూలుది, మీ దోస్తుకు చెప్పకు, బాధపడతడు అని."

పెద్దాయన క్యాలెండర్ మీద నుంచి చూపు తిప్పాడు. తర్వాత నాతో, చిన్నగా, "నాకు సుత గట్లనే చెప్పిండమ్మా. చెవిలనే" అన్నాడు.

ఆ దుకాణదారు ఎప్పుడో కాలం చేసి ఉంటాడు. లేకపోతే ఆ రోజే ఖమ్మం వెళ్ళి అరిచి ఉండేదాన్ని.

"చెవిల చెప్పినంత మాత్రాన అబద్ధమని ఏముంది? ఒకరికి నిజం చెప్పి ఉంటడు" అన్నాడు మా నాన్న. ఓడిపోవడం ఆయనకు రాదు. మా ఆయన సరేనని సైకిళ్ళను నిలబెట్టి, ఆఖరి పరీక్షకు దిగాడు. మొదటి గొట్టంలో వేలు పెట్టి తడిమి, తీసి, "అతుకుంది" అన్నాడు. రెండోదాంట్లో పెట్టాడు. తడిమాడు. మొహం అదోలా పెట్టాడు.

"ఏమైంది? అతుకు లేదా?" అన్నాను.

"వేలు రావట్లేదు."

షుగర్ మనిషి వేళ్ళు ఎండకు కాస్త వాచి ఉంటాయి, పైగా అంతసేపు సైకిళ్ళు తిప్పాడు. లాగిన కొద్దీ బిగిసింది. నేను అరవడం మొదలుపెట్టాను. ఏం అరిచానో గుర్తులేదు. పెళ్ళయినప్పటినుంచీ దాచుకున్నవన్నీ వచ్చాయనుకుంటా. మా మేనకోడలు కొబ్బరినూనె సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నేను అందుకుని, మూత తీయకుండా అరుస్తూనే ఉన్నాను. మా నాన్న లేచి వచ్చి సీసా లాక్కున్నాడు. అప్పటికే పెద్దాయన అటు నుంచి వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు, సైకిల్ పడకుండా.

"మీ నాన్నకు చెప్పు, నూనె ధారగ పొయ్యమని" అన్నాడు పెద్దాయన నాతో.

"నాన్నా, ధారగా పొయ్యమంటున్నడు."

"మీ మామకు చెప్పు, ముందు ఆ సైకిల్ కదలకుండ పట్టుకొమ్మని."

"మామా, కదలకుండా..."

"అబ్బా!" అని అరిచాడు మా ఆయన.

అంతే, నన్ను మరిచిపోయారు.

"గట్ల పోస్తవేంది, అంతా కిందికి పోతుంది! పక్కనుంచి పొయ్యి!"

"పక్కనుంచి పోస్తే లోపలికి పోతదా? నువ్వు ముందు చక్రం ఇటు తిప్పు!"

"తిప్పితే పిల్లగాని వేలు ఇరుగుతది! నీకు ఎప్పుడూ తొందరే!"

"నీకు ఎప్పుడూ నాన్చుడే! పట్టు, గట్టిగ పట్టు. అల్లుడా, గుంజకు, మెల్లగ తిప్పు. తిప్పు. ఆ... ఆ..."

వేలు వచ్చింది. పిల్లగాడన్న ఆ మనిషికి రిటైర్‌మెంట్ దగ్గరపడింది. ఎర్రగా వాచిన వేలిని నోట్లో పెట్టుకుని, నూనె వాసనకు మొహం చిట్లించి, తీసి అన్నాడు, "ఇందులోనూ అతుకుంది."

ఇక తీర్పు చెప్పాడు. నేను కళ్ళతో ఎంత వారించినా ఆగలేదు. రెండూ ఒకటే రకం. రెండూ ఇక్కడ తయారైనవే, దొరలు వెళ్ళిపోయిన చాలా కాలానికి. వెనక చక్రం ఇరుసు పట్టే కొసలు కూడా మందపాటి రేకు నొక్కి చేసినవి. మామూలు సైకిళ్ళు, గట్టివి, ఒకదానికంటే ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"మరి మారినయా, మారలేదా?" అన్నాడు మా నాన్న.

"అది ఫ్రేము చెప్పదు మామయ్యగారూ. మారి ఉండొచ్చు. అసలు మారకపోయి కూడా ఉండొచ్చు."

గుమ్మంలో మా మేనకోడలు టీ పళ్ళెం పట్టుకుని ఉంది. దొంగ ఎవరో తేలలేదు, కాబట్టి ఇద్దరూ ఇంకా దొంగలే. ఇన్నాళ్ళూ ఉన్న దానికంటే ఇప్పుడు ఇంకా చెడిందని నాకనిపించింది. ఒక్క అబద్ధం, ఏదో ఒక చిన్న అబద్ధం చెప్పలేని మనిషిని కట్టుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఆయన మాత్రం ఆగలేదు. సైకిళ్ళ ముందు మళ్ళీ గొంతుకూర్చున్నాడు. "కానీ ఒకటి చెప్పాలి. గోదావరి పక్కన ఇన్నేళ్ళుంటే ఇలాంటి గొట్టాలు లోపలినుంచి తినేయాలి. వీటికి తుప్పు పైపైనే ఉంది, లోపల శుభ్రంగా ఉన్నాయి. ఒక్కసారి కూడా వరదలో మునగలేదు. ఇదిగో, ఈ పై గొట్టం మధ్యలో రంగు అరిగింది చూడండి, రెండిటికీ అక్కడే. తాడు ఒరిపిడి ఇది. వరద వచ్చినప్పుడల్లా వీటిని దూలానికి కట్టి వేలాడదీశారు. ఎవరు కట్టారు?"

నాకు తెలుసు ఎవరు కట్టారో. వరద వస్తుందని టాంటాం వేయగానే మా నాన్న ముందు ఆ సైకిల్‌ను దూలానికి కట్టేవాడు, ఆ తర్వాతే వడ్ల బస్తాలు. మా అమ్మ ఎంత తిట్టేదో. నాకు తెలియంది, అవతలి ఊళ్ళో కూడా అదే జరిగిందని.

"మీరు కూడానా మామా?" అన్నాను.

పెద్దాయన హ్యాండిల్ వదల్లేదు. నాకు కాదు, మా నాన్నకే జవాబు చెప్పాడు. "నీ సొమ్ము గద. నీళ్ళల్ల కొట్టుకపోతే, రేపు నువ్వొచ్చి అడిగితే నేనేం చెప్పాలె?"

మా నాన్న నూనె సీసా కింద పెట్టాడు. "నేనూ గంతే" అన్నాడు. "పరాయి సొమ్మని నా దానికంటే మంచిగ చూసుకున్న. నువ్వొచ్చి అడుగుతవని చూసిన. నవమి తెల్లారి చూసిన. ఆ వారమంతా చూసిన. నువ్వు రాలే."

"నువ్వొస్తవని నేను చూసిన. నువ్వూ రాలే."

"మీ అక్క పోయిన నాడు వాకిట్లకొచ్చి నిలబడితివి" అన్నాడు మా నాన్న. వాళ్ళు ఒకరికొకరు బావలు, మా అమ్మ ఆయనకు అక్క వరస. "అప్పుడన్న లోపలికొస్తవనుకున్న. సైకిల్ పోతే పోయింది. మనిషివి నువ్వు రాకపోతివి, గదే నాకు..."

ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాడు. మా నాన్న ఏడవడం మా అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను. నూనె చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు, తర్వాత అదే తీసుకుని తనూ తుడుచుకున్నాడు. నాకు మామూలుగా వచ్చే కోపం రాలేదు. వచ్చినా ఎవరి మీద పడాలో తెలియలేదు. మా ఆయన వాచిన వేలు పట్టుకుని, నేనేమైనా తప్పు చెప్పానా అన్నట్టు నా వైపు చూశాడు. లేదని తలూపాను. ఆ మనిషికి అబద్ధం చేతకానందుకు పెళ్ళయ్యాక మొదటిసారి సంతోషించాను.

మా మేనకోడలు టీలు ఇచ్చింది. చల్లారిపోయాయి. ఇద్దరూ తాగారు. ఎవరు ఏ సైకిల్ తీసుకెళ్తారని నేను అడిగితే, ఏదైతే ఏంది అన్నట్టు చూశారు, ఇన్నాళ్ళ గొడవ నేనే పెట్టినట్టు. ట్రాలీ ఒకటే మాట్లాడాం. రెండు సైకిళ్ళూ ఒకదాని మీద ఒకటి ఎక్కించాక, పెద్దాయన ముందు ఎక్కి, మా నాన్నకు చేయి అందించాడు. మా నాన్న ఎక్కలేదు. ఆ చేయి పట్టుకుని, వదలకుండా, కింద నిలబడే ఉన్నాడు.

"రేపు పిల్లను అడగటానికి రా బావా" అన్నాడు. "ఈసారన్న రాకుండ ఉండకు."